బావ ఫోన్ల బాపు గొంతు

మొన్న ఆయితారం నా గేమ్ రిలీజైంది భై! దాని ఎంబడే మా గొర్లు గూడ రిలీజైనయ్, గదే లొల్లి. నవ్వొస్తె జర అటు తిరిగి నవ్వుండ్రి.

బీటెక్ మధ్యల ఇడిసిపెట్టి ఇంట్ల కూసున్న గదా. ఏం చేస్తున్నవ్‌రా అంటె, ఫోన్ల ఆడే గేమ్ చేస్తున్న బాపూ అన్న. బాపు ఒక్కటే మాటన్నడు. "ఆయితారం మీ అక్క, బావ వస్తున్నరు. బావ ఫోన్ల నడిస్తె సరె. నడవకపోతె సోమారం సంది గొర్లెంబడి నువ్వే పోవాలె."

గేమ్ ఏందనుకున్నరు? గొర్లు కాసుడు! గొర్లు కాసుడు తప్పిచ్చుకోనీకె గొర్లు కాసే గేమ్. ఏం తెలివి! స్క్రీన్ మీద నొక్కితె బాపు గొంతు "ట్ర్‌ర్‌ర్... హోయ్, దా దా దా!" అంటది. గొర్లన్ని దొడ్లకు చేరేదాంక ఆగది. గా గొంతు బాపుకు తెల్వకుంట రికార్డు చేసిన. లాప్‌టాప్ల, గేమ్ తయారుచేసే ఎడిటర్ల నడిపిస్తె అబ్బో, గొర్లు లైన్ కట్టి వస్తున్నయ్. లాప్‌టాప్ స్పీకర్ పోయింది కాబట్టి, ఇయర్‌ఫోన్స్ పెట్టుకొని నేనొక్కన్నే ఇంటున్న, నేనొక్కన్నే మురుస్తున్న.

ఆయితారం పొద్దుగాల అక్క, బావ దిగిర్రు. అల్లుడొచ్చిండని బాపు గొర్లను తోలుకపోకుంట ఇంటెనక దొడ్లనే ఉంచిండు. నేను గేమ్‌ను ఫోన్ల నడిచేతట్టు బిల్డ్ చేసి బావ ఫోన్ల ఎక్కిచ్చిన. నొక్కిన. మల్ల నొక్కిన. గొంతు రాలే. గొర్లు కదుల్తలేవ్.

"ఏందిర బామ్మర్దీ, ఫోటో చూపెడ్తున్నవా?" అన్నడు బావ.

"లాప్‌టాప్ల నడుస్తాంది బావా, ఒట్టు!"

"అయితె గేమ్‌తోని నీ లాప్‌టాప్ గూడ ఇంటింటికి పంపుతవా?"

బాపు లోపలికి పోయిండు. గొర్లు తోలే కట్టె తెచ్చి నా పక్కన గోడకు ఆనిచ్చిండు. గంతే!

ముందుగాల బావ ఫోన్‌ను తిట్టిన. తర్వాత ఆండ్రాయిడ్‌ను తిట్టిన. ఇంకెవ్వరు మిగల్లేదని నా కోడ్ చూసిన. ఏముంది! బాపు గొంతు ఫైలు నా లాప్‌టాప్ డౌన్‌లోడ్స్‌ల ఉన్నది, కోడ్‌ల గదే అడ్రస్ ఇచ్చిన. ఎడిటర్‌కు ఫికర్ లేదు, అదే ఇల్లు కదా, పోయి తెచ్చుకుంటాంది. బిల్డ్ పాపం బావ ఫోన్ల నా డౌన్‌లోడ్స్ ఎతుకుతాంది! గొంతు రాకుంటె గొర్లు కదలొద్దని రాసింది గూడ ఈ మహానుభావుడే.

ఫైలును గేమ్‌లనే పెట్టి, మల్ల బిల్డ్ చేసి, మల్ల ఎక్కిచ్చిన. "ఇప్పుడు చూడు బావా!" అని వాల్యూమ్ ఫుల్ పెట్టి నొక్కిన.

"ట్ర్‌ర్‌ర్... హోయ్, దా దా దా!"

స్క్రీన్ మీద గొర్లు కదిలినయ్! నేను ఎగిరిన. అక్క సప్పట్లు కొట్టింది. ఇంతల ఇంటెనక ఫట్‌మని సప్పుడు. దొడ్డి తడిక ఇరిగింది. అసలు గొర్లు పొద్దటి సంది ఆకలి మీదున్నయ్, బాపు పిలుస్తుంటె ఆగుతయా? మందకు మంద వాకిట్లకొచ్చి ఎండబోసిన మిరపకాయల మీద పడ్డది.

"అమ్మో, నా మిరపకాయలు!" అని అమ్మ ఒర్లుతాంది.

"ఏయ్, నేన్ పిలుస్తలేనే!" అని బాపు గొర్లకు చెప్తున్నడు. ఫోన్ల బాపు మాత్రం "దా దా దా!" అంటున్నడు. అవి ఏ బాపు మాట ఇనాలె?

"ఆపురా దాన్ని!" బావ కుర్సీ ఎక్కిండు.

ఎట్ల ఆపాలె? ఎడిటర్లయితె మీద స్టాప్ బటన్ ఉంటది. బిల్డ్‌ల స్టాప్ నేను పెడ్తెనే కదా! ఏదో ఒకటి నొక్కుదామని ఫోన్ గుంజుకున్న, ఒక పొట్టేలు గుద్దింది, ఫోన్ పోయి గొర్ల కాళ్ల కింద పడ్డది. కిందికెల్లి గూడ బాపు ప్రేమతోని పిలుస్తనే ఉన్నడు.

ఆఖరికి స్క్రీన్ మీద గొర్లన్ని దొడ్లకు చేరినయ్, గొంతు ఆగింది. "శభాష్, గెలిచినవ్!" అని వచ్చింది. బయట దొడ్ల ఒక్క గొర్రె లేదు. పొట్టేలు బావ ప్లేట్ల ఉప్మా తింటాంది.

బాపు ఫోన్ తీసి తువ్వాలతోని తుడిసిండు. పగిలిన అద్దం చూసిండు, గొర్లను చూసిండు. కొడ్తడనుకున్న.

"నడిచింది రా. మాటంటె మాటే."

దండం పెడ్దామని వంగిన. వంగినోని చేతుల కట్టె పెట్టిండు. "నా గొంతుకు గింత మంచిగ ఇంటున్నయ్ గద. ఇంగ నేను పోవుడెందుకు? గీ గేమ్ పట్టుకొని నువ్వే తోలుకపో."

గిప్పుడు రోజు టెస్టింగే. యూజర్లు మస్తున్నరు, పొద్దుమాపు నా ఎంబడే ఉంటున్నరు. గేమ్ ఎట్లున్నదని అడిగితె మాత్రం అందరిది ఒక్కటే రివ్యూ: "మ్మే..."