అక్క కోసం తిప్పిన మిల్లు

ఈ మధ్య టీ కప్పులు మరీ చిన్నవైపోతున్నాయి. అల్ నహ్దాలో మా బిల్డింగు కింద కెఫెటీరియాలో అట్ట కప్పు నోటి దాకా తెచ్చేలోపే అడుగు కనిపిస్తోంది. ఆ రోజుల్లో కప్పు పెద్దదని కాదు, నాకు తొందర తక్కువ. ఆ రోజులంటే మరీ పాతవేం కాదు, మాస్కులు గడ్డాల కిందికి జారిపోయిన రోజులు. హిస్టరీలో డిగ్రీ పుచ్చుకుని దుబాయ్ వచ్చి, డేరాలో ఒక కార్గో ఆఫీసులో అట్టపెట్టెల మీద అడ్రసులు రాస్తుండేవాణ్ణి. (చదివిన సామ్రాజ్యాలన్నీ పెట్టె ఎటు పైకి ఉండాలో బాణం గుర్తు వేయడానికి పనికొచ్చాయి.) ఉండేది షార్జాలో మా పెద్దమ్మ కూతురి ఫ్లాటులో, హాల్లో తెర కట్టుకుని.

అక్క నర్సు. ఆమె పనిచేసే క్లినిక్ మూసేస్తున్నారు. వీసా రద్దయ్యేలోపు జర్మనీలో ఒక వృద్ధాశ్రమం ఉద్యోగం రావాలి, లేకపోతే భీమవరానికి తిరుగు ప్రయాణమే. ఆ వృద్ధాశ్రమం ఉన్నది పొలాల మధ్య, పేరు పలకడానికి నాలుక రెండు మలుపులు తిరగాల్సిన పల్లెటూళ్ళో. "చివర్లో మా ఊరి గురించి ఏం తెలుసు అని అడుగుతారు. బాగా చెప్తే ఉండిపోయే మనిషి అనుకుంటారు" అన్నాడు ఏజెంటు. అక్క జర్మన్ "ఎక్కడ నొప్పి", "మాత్ర మింగండి" వరకు ధారాళం. చరిత్ర దగ్గర ఆగిపోయింది.

"ఒరేయ్, నీ చదువు ఇన్నాళ్ళకి పనికొచ్చేలా ఉందిరా" అంది నాతో.

ఆ ఊరి వెబ్‌సైటంతా తిరగేశాను. అక్కడ గొప్ప సంగతులేవీ జరగలేదు. జరక్కుండా ఊరివాళ్ళు కొన్ని వందల ఏళ్ళు జాగ్రత్త పడ్డట్టున్నారు. ఎవరో మఠానికి పొలం రాసిచ్చినప్పుడు ఊరి పేరు మొదటిసారి కాగితమెక్కింది. ఒకసారి ఊరు కాలింది, మళ్ళీ కట్టుకున్నారు. రైలొచ్చింది, కొన్నాళ్ళకి ఇక రానంది. చూడదగినవి ఉల్లిపాయ లాంటి గోపురం ఉన్న చర్చి, ఫైరింజను షెడ్డు, వాగు మీద నీటిచక్రంతో నడిచే పిండిమిల్లు.

"ఇంతేనా?" అంది అక్క, పెళ్ళికొడుక్కి ఉద్యోగం లేదని తెలిసినట్టు.

"ఉన్నదే చెప్పాలి కదక్కా."

"ఎవరి ఊరి గురించి వాళ్ళకే చెప్పేటప్పుడు కాస్త పొగడాల్రా. సంబంధం మాట్లాడ్డానికెళ్ళి 'మీ ఊళ్ళో ఏం లేదండీ' అంటామా?"

కాబట్టి ప్రతిదానికీ 'చాలా అందమైన' తగిలించాం. చాలా అందమైన ఫైరింజను షెడ్డు. కానీ అక్క ఎన్నిసార్లు అప్పజెప్పినా రైలును మఠంలోకి పంపేసేది. చివరికి నేను లాప్‌టాప్ వెనక నిలబడి సైగలు చేసేట్టు ఒప్పందం కుదిరింది. మా రిహార్సల్ చూసి బావ, "ఇది ఇంటర్వ్యూనా, సండేస్కూలు క్రిస్మస్ నాటికా?" అన్నాడు.

ఆ రోజు అక్క యూనిఫాం వేసుకుని మంచం మీద కూర్చుంది, ఎదురుగా ఇస్త్రీ బల్ల మీద లాప్‌టాప్. తెర మీద వృద్ధాశ్రమం పెద్దావిడ. జీవితంలో దేనికీ ఆశ్చర్యపడని ముఖం. పుండ్లకు కట్లు, ఇంజెక్షన్లు అడిగితే అక్క గడగడా చెప్పింది. తర్వాత ఊరొచ్చింది. తల మీద చేతులు జోడించాను, చర్చి. గొట్టం పట్టుకుని నీళ్ళు కొట్టాను, ఫైరింజను. గొలుసు లాగి కూత వేశాను (నిశ్శబ్దంగానే), రైలు. మిల్లు దగ్గర చేతులు తిప్పితే అక్క గుడ్లప్పగించి చూసింది. ఇంకా జోరుగా తిప్పాను. "ఫ్యానా?" అని అక్క పెదవులు కదిలాయి. వాగు కూడా పారించాక గాని మిల్లు రాలేదు. పెద్దావిడ అంతా విని తలూపి, నైట్ డ్యూటీ చేస్తారా అని అడిగి, సెలవు తీసుకుంది.

లాప్‌టాప్ మూశాక అక్క వెనక్కి తిరిగింది. మంచం వెనక బీరువా, దానికి నిలువుటద్దం, అందులో చేతులింకా దించని నేను.

"ఎప్పట్నుంచి కనిపిస్తున్నావ్రా?"

"చర్చి నుంచి."

తలుపు దగ్గర బావ, "ఖలాస్. టికెట్లు చూస్తాను" అన్నాడు.

అక్క తిట్టలేదు. తిడితే బాగుండేది. ఊరికి తీసుకెళ్ళే బట్టలు వేరుగా మడతపెట్టడం మొదలెట్టింది. ఆ గుట్ట పెరుగుతున్నకొద్దీ నాకు అన్నం తగ్గింది. ఒక శుక్రవారం మధ్యాహ్నం ఉద్యోగం ఇస్తున్నట్టు మెయిల్ వచ్చింది. అద్దం సంగతి అందులో లేదు. ఆవిడ చూడలేదనే తేల్చుకున్నాం.

పోయిన చలికాలం అక్కను చూడ్డానికి వెళ్ళాను. పెద్దావిడే దగ్గరుండి మాకు ఊరు చూపించింది. అన్నీ నేను పెట్టిన చోటే ఉన్నాయి. ఫైరింజను షెడ్డు మాత్రం నా సైగ కంటే చిన్నది. మిల్లు ముందు నిలబడితే, ఎన్నడూ చూడని చక్రం కోసం షార్జాలో చెమటలు పట్టేలా చేతులు తిప్పిన కుర్రాడు గుర్తొచ్చి, కొంచెం ముద్దొచ్చాడు. నవ్వుతూ, "ఈ మిల్లు నాకు బాగా తెలుసండీ" అన్నాను ఇంగ్లీషులో.

ఆవిడ నా వైపు చూసి, చేతి తొడుగు తీసి, గాలిలో చెయ్యి నెమ్మదిగా తిప్పి చూపించింది.

"మీరు తిప్పింది తప్పు. ఇది ఇటు తిరుగుతుంది."