పన్నెండేళ్ల మట్టి

మొక్క చచ్చిపోయిందని ఎవరైనా వస్తే మట్టక్క ఆ మొక్క మొహం కూడా చూసేది కాదు. "మట్టి తెచ్చారా?" అని అడిగేది. తేలేదంటే వెనక్కి పంపేసేది. పెద్ద కార్లలో దిగినవాళ్లకైనా అదే మర్యాద. ఆ పేరు అలా వచ్చిందే. అసలు పేరు గుర్తింపు కార్డు మీద తప్ప ఇంకెక్కడా మిగల్లేదు.

ఆ ఊళ్లో అందరికీ ఎండ మీదే ఫిర్యాదు. చల్లటి దేశాల పూల బొమ్మలు పట్టుకొచ్చి, ఇవి మా ఇంట్లో ఎందుకు పూయవని నిలదీసేవాళ్లు. "ఎండ మిమ్మల్నేం చేసిందండీ? తీసుకెళ్లి పడమటి గోడ పక్కన పెట్టారు. పొద్దు గూకినా ఆ గోడ సెగ చల్లారదు. తూర్పుకి మార్చండి," అనేది. నీళ్లు పోసి పోసి మొక్కను ముంచేసినవాళ్లను ఇంటికి పంపి, మోకాటి లోతు గుంత తవ్వి నీళ్లు నింపి, ఎంతసేపటికి ఇంకాయో చూసి రమ్మనేది. తడిమట్టిని బొటనవేలితో పట్టీలా సాగదీసి, అది తెగేలోపే ఫలానా వీధి బంకమట్టి అని తేల్చేసేది. ఆ గర్వం ఆమెకు బాగానే ఉండేది, దాచుకునేది కాదు.

నర్సరీ ఆమెదీ, చెల్లెలిదీ. మట్టి, మొక్కలు అక్కవి. మాటలు, మనుషులు చెల్లెలివి. వాడిపోయిన మొక్కను కూడా నవ్వుతూ అంటగట్టగల మనిషి చెల్లెలు. తల్లి పోయేనాటికి ఆ పిల్లకు తొమ్మిదేళ్లు. జడ వేసిందీ, చదివించిందీ, పెళ్లి చేసిందీ అన్నీ మట్టక్కే. చెల్లెలిని అనుమానించడం అనేది ఆమె ఊహకే అందని సంగతి.

నర్సరీ వెనక ఒక మడి ఉండేది. ఆ చుట్టుపక్కలంతా ఒకప్పుడు సున్నపు బట్టీలు. నేల మీద నిమ్మరసం పిండితే బుసబుసా నురగ వచ్చేది. అలాంటి చోట నూరువరహాలు నాటితే నెల తిరక్కుండా ఆకులు పసుపెక్కి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగులుతాయి. ఇక్కడే పూయిస్తానని మట్టక్క పంతం పట్టింది. రెండడుగుల లోతు తవ్వి, సున్నపు రాళ్లు జల్లెడ పట్టి తీసేసింది. రాలిన ఆకులు, కొబ్బరిపొట్టు, క్యాంటీన్‌లో వాడేసిన కాఫీపొడి, ఇస్త్రీ కొట్టు బొగ్గుముక్కలు, ఏది దొరికితే అది మాగబెట్టి కలిపింది. డ్రముల్లో పట్టిన వాననీళ్లు తప్ప బోరు నీళ్లు చుక్క తగలనివ్వలేదు. వేసవి రాగానే ఎండుటాకులు కప్పేది. "మనం నెత్తిన గుడ్డ వేసుకుంటాం కదా, దానికెవరు వేస్తారు?" అనేది. పన్నెండేళ్లు పట్టింది. నూరువరహాలు గుత్తులు గుత్తులుగా పూశాయి. కొమ్మలు కత్తిరించి అంట్లు కట్టడానికి తల్లిమొక్కలన్నీ ఆ మడిలోవే. ఆమెకు పిల్లల్లేరు. నేను బతికి చేసిందేదైనా ఉంటే ఇదీ అని ఆ మడిని చూపించేది.

ఇంతలో కంటి ఆపరేషన్ అయింది. నెల రోజులు దుమ్ములోకి వెళ్లొద్దన్నాడు డాక్టరు. తాళంచెవులు చెల్లెలి చేతిలో పెట్టి ఇంట్లో కూర్చుంది. నెల తర్వాత వచ్చి చూస్తే మడి ఉన్నచోట సిమెంటు పలకలు, వాటి మీద వరసగా కుండీలు.

"చెద పట్టిందక్కా," అంది చెల్లెలు కళ్లు తుడుచుకుంటూ. "మొక్కలన్నీ పోయాయి. మిగతావాటికి పాకుతుందని మట్టంతా తవ్వించి పారబోయించాను. ఏడిస్తే కంటికి మంచిది కాదని నీకు చెప్పలేదు."

మట్టక్క నమ్మింది. నమ్మడమే కాదు, ఇంత బాధ ఒక్కతే మోసిందని చెల్లెల్నే దగ్గరకు తీసుకుని ఓదార్చింది. తనే ఎప్పుడో మాగని పేడ వేసి చెదను పిలిచిందేమోనని వారం రోజులు తనను తాను తిట్టుకుంది.

రెండు నెలలు గడిచాక చెల్లెలే ఒక మాట చెప్పింది. "కొత్త హోటల్ వాళ్ల తోటలో ఆకులు పసుపెక్కుతున్నాయటక్కా. ఎవరు వేశారో ఏమో. ఒకసారి చూసి రా."

మేనేజరు దగ్గరుండి తోట చూపించాడు. మట్టక్క గొంతుక్కూర్చుని గుప్పెడు మట్టి తీసి నలిపింది. వేళ్లు ఆగిపోయాయి. వాసన చూసింది. ఇంకో గుప్పెడు తీసింది. ఇస్త్రీ బొగ్గుముక్కలు, ఇంకా కరగని కాఫీపొడి. తలెత్తి చూస్తే నూరువరహాల కొమ్మల మీద తన కత్తి కోతలు, ఏ ఏటివి ఆ ఏటివే.

"మీ చెల్లెలుగారే నిలబడి వేయించారండి," అన్నాడు మేనేజరు, పాపం ఏమీ తెలియక. "పన్నెండేళ్లు మాగిన మట్టి అని చెప్పి మరీ అమ్మారు."

మట్టక్కకు ఆ రోజు చెల్లెలు తుడుచుకున్న కళ్లు గుర్తొచ్చాయి. అవి అసలు తడిగా ఉన్నాయా అని ఇప్పుడు అనుమానం వచ్చింది. చేత్తోనే తవ్వి చూసింది. అడుగు లోతు తన మట్టి, దాని కింద హోటల్ కట్టగా మిగిలిన సున్నం పెళ్లలు, సిమెంటు ముక్కలు. పైన బోరు నీళ్లు ఆరి తెల్లటి పొర. నేల మీద ఒక్క ఎండుటాకు లేదు. ఇంకో వేసవి గడిస్తే ఆ మట్టీ మిగలదు, మొక్కా మిగలదు.

ఇంకొకరైతే నాకు తెలీదని చేతులు దులుపుకుని వచ్చేసేవాళ్లు. అదే న్యాయం కూడా. మట్టక్క లేచి గేటు దాకా నడిచింది. నడిచి వెనక్కి వచ్చింది. బోరు నీళ్లు ఆపమంది, డాబా మీది వాననీళ్లు పట్టమంది, కింది పెళ్లలు తీయించమంది, ఆకులు కప్పమంది. మేనేజరు అంతా రాసుకున్నాడు.

తిరిగి వచ్చేసరికి చెల్లెలు కుండీలకు నీళ్లు పోస్తోంది.

"మన చెద హోటల్లో చేరిందే," అంది మట్టక్క.

చెల్లెలు మగ్గు కింద పెట్టింది. "అడిగితే ఇచ్చేదానివా?"

"ఇచ్చేదాన్ని కాదు. మరి నన్నే ఎందుకు పంపావు? ముట్టుకుంటే తెలిసిపోతుందని తెలీదా?"

"తెలుసు." చెల్లెలి గొంతులో బెరుకు లేదు. "ఎవరిని అడిగినా మందు కొట్టమంటున్నారు. నీకు తెలిస్తే నా మీద కోపమొస్తుంది, రానీ. అది చచ్చిపోతుంటే మాత్రం చూస్తూ ఊరుకోలేవు. ఇప్పుడే మేనేజరు ఫోన్ చేశాడు, అన్నీ విడమరిచి చెప్పావట. గురువారం గురువారం నువ్వే వచ్చి చూసుకుంటావని చెప్పేశాను."

మట్టక్క మట్టి పోయినందుకు ఏడవగలదు, అబద్ధానికి తిట్టగలదు. తన గురించి ఇంత బాగా తెలిసి, ఆ తెలిసినదాన్నే వాడుకున్నందుకు ఏం చేయాలో ఆమెకు తోచలేదు. చచ్చినా వెళ్లనని మూడు రోజులు పంతం పట్టి కూర్చుంది. అన్నం సయించలేదు.

గురువారం పొద్దున్నే ఎండుటాకుల గోనె భుజాన వేసుకుని బయటికొచ్చింది. గేటు ముందు ఆటో ఆగి ఉంది. చెల్లెలు ముందే పిలిపించింది.