గేటు దగ్గర వరుస ఎంతుందో చెప్పే పేజీ

మామిడికాయలు కోసే రోజుల్లో బంగారుపాళ్యం మీదుగా వెళ్ళేవాళ్ళకు ఆ వరుస కనిపిస్తుంది. గుజ్జు ఫ్యాక్టరీ గేటు దగ్గర మొదలై రోడ్డు వారగా తోతాపురి కాయల ట్రాక్టర్లు ఒకదాని వెనుక ఒకటి నిలబడి ఉంటాయి. వాటిని తోలుకొచ్చినవాళ్ళు ట్రాలీ కింది నీడలో తువ్వాలు పరుచుకుని పడుకుంటారు. మా అన్న కూడా ఏటా అలా పడుకునేవాడు. ఒక గేటు ముందు పగలూ రాత్రీ కాచుకుని, కాయ మెత్తబడ్డాక, నాలుగు ఊళ్ళ అవతల ఇంకో ఫ్యాక్టరీలో వరుసే లేదని తెలుసుకుని ఇంటికి వచ్చేవాడు.

నేను తిరుపతిలో ఉంటాను. ఒక చిన్న కంపెనీకి ఇంట్లోంచే వెబ్‌సైట్లు చేసిపెడతాను. ఒక ఏడు ఎండాకాలం చివర్లో కొన్నాళ్ళు అన్నా వాళ్ళ ఊరికి వెళ్ళాను. ఒక రోజు వదిన గేటు దగ్గరున్న అన్నకు క్యారియర్ కడుతూ, భుజానికీ చెవికీ మధ్య ఫోన్ ఇరికించుకుని ఎవరితోనో మాట్లాడుతోంది. అవతల ఉన్నావిడ కూడా అలాగే ఇంకో గేటు దగ్గరున్న భర్తకు అన్నం తీసుకెళ్ళింది. ఫోన్ పెట్టేసి వదిన నాతో అంది.

"పూతలపట్టు కాడ గేటులో వరస తగ్గిందంట పాపా. మీ అన్నకు చెప్పినా ఇనడు. ఆడోళ్ళు ఫోన్లల్లో చెప్పుకునే మాటలు అంటాడు."

"ఎంతమందితో మాట్లాడతావు వదినా రోజూ?"

"ఎవురు యాడికి అన్నం ఎత్తుకుపోతే వాళ్ళతో. ఏ గేటు ముందర ఎంతసేపు పడతాదో మాకు తెలిసినట్టు మగోళ్ళకు తెలీదు."

ఆ కబుర్లన్నీ ఒకచోట పెడితే ఎలా ఉంటుందని అడిగాను. "పెట్టు, సూద్దాం" అంది క్యారియర్ మూత బిగిస్తూ.

మొదట నా ఆలోచనలన్నీ పెద్దగానే సాగాయి. మ్యాప్ ఉండాలనుకున్నాను, లాగిన్ ఉండాలనుకున్నాను, వెనక ఒక డేటాబేస్ ఉండాలనుకున్నాను. మర్నాడు తోటలోకి వెళ్ళి ఫోన్ తీస్తే సిగ్నల్ ఒక్క గీత ఉంది. వార్తల సైటు తెరుచుకునేలోపు అన్న ఒక చెట్టు కాయలు దింపేశాడు. దాంతో మ్యాపూ లాగిన్ అన్నీ వదిలేశాను. ఒక్కో గేటుకు ఒక్కో మార్క్‌డౌన్ ఫైలు సరిపోతుందనిపించింది. మార్క్‌డౌన్ అంటే వేరే ఏమీ లేదు, మామూలు అక్షరాలే. లైను మొదట్లో హ్యాష్ గుర్తు పెడితే అది పెద్ద శీర్షిక అవుతుంది, నిలువు గీతలు పెడితే పట్టికలో గడులవుతాయి. ఆ ఫైళ్ళను చదివి ఫోన్ తెర మీద పట్టికగా పరిచే పని కొంచెం జావాస్క్రిప్ట్ కోడ్ చేస్తుంది. ఇంటర్నెట్‌లో డబ్బు అడగని చోట సైటు పెట్టాను. తోటలో నిలబడి తెరిస్తే కళ్ళు మూసి తెరిచేలోగా వచ్చింది.

వదిన పదో తరగతి వరకు చదువుకుంది. తెలుగులో మెసేజీలు నాకంటే వేగంగా కొడుతుంది. ఫైలు ఎలా మార్చాలో ఆమె ఫోన్‌లోనే చూపించి తిరుపతికి వచ్చేశాను. రెండో రోజే ఫోన్ చేసింది.

"హ్యాష్ దొరికింది పాపా. ఆ నిలువు గీత యాడుండాదో ఎతకలేక సస్తా ఉండా. ఒకటి మరిసిపోతే పట్టికంతా సెదిరిపోతా ఉండాది."

ఫోన్ కీబోర్డులో నిలువు గీత నిజంగానే ఎక్కడో అడుగున దాక్కుని ఉంటుంది. నేను కంప్యూటర్ ముందు కూర్చుని చేసేదాన్ని కనుక ఆ సంగతి నాకు తట్టలేదు. మామూలు కామాలతో రాసినా పట్టిక వచ్చేలా జావాస్క్రిప్ట్ మార్చాను. ఆ తరువాత ఆ ఫిర్యాదు రాలేదు.

వేరే గొడవ మాత్రం వచ్చింది. పట్టిక కింద వదిన సొంతంగా వాక్యాలు చేర్చడం మొదలుపెట్టింది. ఈ గేటు పక్కన కొళాయి ఉండాది. ఆ గేటు కాడ మధ్యాన్నం దాకా వేపచెట్టు నీడ. ఇంకో చోట కాటా దగ్గర కూర్చునే ఆయన మర్యాదస్థుడు, అడిగితే ఎంతసేపు పడతాదో చెప్తాడు.

"ఇదంతా డేటా కాదు వదినా" అన్నాను.

"నీళ్ళు లేని చోట ఎండలో కూసున్నోన్ని అడుగు, ఏది డేటానో చెప్తాడు" అంది.

నేను నవ్వేశాను. ఆ మాటల కోసం పట్టిక కింద ఒక చోటు విడిగా ఉంచాను. వదిన పంపిన లింకు చేతులు మారి చాలామందికి చేరిందని, వాళ్ళు ముందు అదే చదివేవారని తరువాత తెలిసింది.

కాయల రాక జోరుగా ఉన్నప్పుడు ఒక సాయంత్రం కాణిపాకం వైపు రైతు ఒకాయన పేజీ రాసేది ఎవరో కనుక్కుని వదిన వాళ్ళింటికి వచ్చాడు. నిండు ట్రాక్టర్ వీధిలో ఆపి, వాకిట్లో నిలబడి, కోపాన్ని లోపలే అణుచుకుని మాట్లాడాడట.

"మీ పేజీ సూసి పోయినానమ్మా. వరస లేదని రాసుంటే అంత దూరం తోలుకోని పోయినా. పోతే గేటే మూసేసినారు. మిషను నిలిచిపోయి చానా సేపయిందంట. ఇప్పుడీ కాయ ఏం చేసుకునేది?"

వదిన వాదించలేదు. "పొద్దున కబురప్పా అది. మార్చాల్సింది, మార్చలేదు. కూసో" అని మజ్జిగ ఇచ్చింది. ఆయన తాగుతుండగానే తనకు తెలిసిన ఆడవాళ్ళందరికీ వరుసగా ఫోన్లు చేసింది. చిత్తూరు దారిలో ఒక గేటు ఇంకా కాయ దించుకుంటోందని తెలిసింది. అన్న చొక్కా వేసుకుని ఆయన ట్రాక్టర్ ఎక్కాడు. రాత్రి భోజనాల వేళకు కాయ దించి ఇద్దరూ వెనక్కి వచ్చారు.

మర్నాడు వదిన నాకు జరిగిందంతా చెప్పి, చివర్లో అంది. "మనుషులమైతే పొద్దున మాట పొద్దునదని చెప్తాము. ఆ పేజీ సాయంత్రం కూడా అదే మాట కొత్తగా చెప్తా ఉండాది. పాత కబురైతే పాతదని అదే చెప్పాల పాపా."

నేను చేసిన పనిలో ఉన్న లోపాన్ని అంత తేలికైన మాటల్లో అంతకుముందు ఎవరూ నాకు చెప్పలేదు. అన్నం తినే బల్ల మీదే ల్యాప్‌టాప్ తెరిచాను. ప్రతి లైనుకూ రాసిన సమయం చేర్చాను. పేజీ తెరిచినప్పుడు జావాస్క్రిప్ట్ ఇప్పటి సమయంతో దాన్ని పోల్చి చూస్తుంది. మూడు గంటలు దాటితే ఆ లైను బూడిద రంగులోకి మారి, పక్కన 'పాత కబురు, కనుక్కుని పొండి' అని వస్తుంది. రాసింది కొన్ని లైన్లే. జీతానికి చేసిన ఏ పనీ నాకు అంత తృప్తినివ్వలేదు.

ఆ కాణిపాకం ఆయన మళ్ళీ వచ్చాడు, ఈసారి ఒక సంచిలో అల్లనేరేడు పళ్ళతో. తమ వైపు గేట్ల సంగతి తన భార్య రోజూ చెప్తుందని వదినకు ఆమె నంబరు ఇచ్చి వెళ్ళాడు. అన్న కూడా ట్రాలీ తగిలించే ముందు ఫోన్ తీసి పేజీ చూసుకుంటున్నాడని, ఆ సంగతి తనకు తెలియదనుకుంటున్నాడని వదిన నవ్వుతూ చెప్పింది.

వానలు పడి ఫ్యాక్టరీలు ఒక్కొక్కటిగా మూతపడ్డాక వదిన మా ఇంటికి వచ్చి కొన్నాళ్ళు ఉంది. ఒక మధ్యాహ్నం నేను పని చేసుకుంటుంటే కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది.

"ఆ మూడు గంటలు అనేది యాడ రాసినావు? సూపియ్యి."

చూపించాను. ఆ లైను మీద వేలు పెట్టి చదువుకుంది.

"సాయంత్రమైతే మిషన్లు ఎప్పుడు నిలిపేస్తారో తెలీదు. మూడు ఎక్కువ. నేను మార్చచ్చా?"

ల్యాప్‌టాప్ ఆమె వైపు జరిపాను. వదిన ఒక్క వేలితో జాగ్రత్తగా మూడును చెరిపి, రెండు కొట్టింది.

"ఇంగ మిగిలిందేంది, అది కూడా చెప్పు" అంది కుర్చీ ఇంకొంచెం ముందుకు లాక్కుంటూ. టీ పెట్టుకుని వచ్చి, మొదటి లైను నుంచి చెప్పడం మొదలుపెట్టాను.