ఖాళీ గిన్నెలో ముంచే వేళ్లు

మట్టి ముద్దలోనుంచి మనిషి వేళ్లను తీసి, ఒక్కో వేలికి ఒక్కో పని అప్పగించిన దేవునికి స్తోత్రం. ఈ పూట వరకు నన్ను నడిపించినవాడు ఆయనే. నేను రాయబోయేది సాక్ష్యమో, ఒప్పుకోలో నాకే తేలలేదు. సంఘంలో నిలబడి చెప్పే ధైర్యం లేక కాగితం మీద పెడుతున్నాను.

మాది ధర్మవరం. మా అమ్మ పడుగు అతికేది. మగ్గం మీద పాత పడుగు అయిపోవస్తే, దాని కొసలకు కొత్త పడుగు పోగుల్ని ఒక్కొక్కటిగా మెలిపెట్టి కలపడం ఆమె పని. పడుగుకు వేల పోగులుంటాయి. చెమట వేళ్లకు పట్టుపోగు జారుతుందని పక్కన చిన్న గిన్నెలో జల్లించిన పొయ్యి బూడిద పెట్టుకునేది. రెండు వేళ్లు బూడిదలో ముంచి, పోగు పట్టి, ఒక్క మెలిక. మళ్లీ బూడిద, మళ్లీ మెలిక.

ముంచిన ప్రతిసారీ ఆమె పెదవులు కదిలేవి. లెక్కపెడుతోందని చిన్నప్పుడు అనుకునేవాణ్ణి. పెద్దయ్యాక తెలిసింది, అవి పేర్లని. పోగుకొక మనిషిని తలచుకుని ప్రార్థించేది. సంఘంలో మంచం పట్టినవాళ్లు, గోరంట్లలో మొగుడు వదిలేసిన మా పెద్దమ్మ కూతురు, తనతో మాటలు మానేసిన పక్కింటామె. తెలిసిన పేర్లు అయిపోతే బస్సులో కనబడిన ఎర్ర తువ్వాల మనిషి కూడా వచ్చేవాడు. ఒక పడుగు పూర్తయ్యేసరికి మా వీధి వీధంతా దేవుని ముందు నిలబడి వచ్చినట్టే.

నేను హిందూపురం పారిశ్రామికవాడలో ఒక కంపెనీలో ఎలక్ట్రీషియన్‌ని. అక్కడ మనిషి ఆకారంలో యంత్రాలు తయారుచేస్తారు. తల, భుజాలు, చేతికి ఐదు వేళ్లు. ఏ ఫ్యాక్టరీలో నిలబెడితే ఆ ఫ్యాక్టరీ పని నేర్చుకునేలా చేయాలని వాళ్ల ప్రయత్నం. బరువులెత్తడం వాటికి త్వరగానే వచ్చింది. సన్నని తీగల్ని పట్టి కలపమంటే మాత్రం తెంపేవి, లేదంటే జారవిడిచేవి. వేళ్ల పని బాగా వచ్చిన మనిషి ఎవరైనా ఉన్నారా అని అక్కడి ఇంజనీరు మేడం అందరినీ అడిగారు. ఆమెది మా వైపే, రొళ్ల అనే ఊరు. మమ్మల్ని అన్నా, అక్కా అనే పిలుస్తారు.

"మా అమ్మ ఉండాది మేడం" అన్నాను, గొప్పగా. నన్నెవరూ బలవంతం చేయలేదు.

"ఆడ నేనేం చేయాల నాయనా?" అని అమ్మ అడిగింది.

"నీ పని నువ్వు చేసుకో. వాళ్లు చూసుకుంటారు."

"ఫోటోలు తీస్తారా?"

"ఫోటో మాదిరే అమ్మా."

ఆ మాట నిజం కాదని అంటున్నప్పుడే తెలుసు. ఫోటో గోడకు వేలాడుతుంది. ఇది లేచి పని చేస్తుంది.

నెల రోజులు ఇద్దరం కలిసి పొద్దున రైలుకు హిందూపురం పోయాం. ఆదివారం మందిరం బయట ఆడవాళ్లు అమ్మను వదిలిపెట్టేవాళ్లు కాదు.

"ఏమక్కా, బొమ్మకు పంతులమ్మవైనావంటనే!"

"పంతులమ్మ యాడమ్మే! చేతులకు తీగలు సుట్టి, నెత్తిన కెమెరా పెట్టినారు. ఆడ బొమ్మంటే నేనే."

మొదటి రోజే బూడిద దగ్గర చిక్కొచ్చింది. యంత్రాల కీళ్లలోకి దుమ్ము పోతుందని ఆ గదిలోకి బూడిద రానివ్వలేదు. అమ్మ చేతులకు తొడిగిన గ్లౌజుల్లో పోగు జారదు, బూడిద అవసరం లేదని మేడం చెప్పారు. అమ్మ నాలుగు పోగులు అతికి ఆగిపోయింది.

"గిన్నె లేకుంటే చెయ్యి సాగదు తల్లీ."

"బూడిద కుదరదక్కా."

"బూడిద వద్దులే. ఉత్త గిన్నె పెట్టు, సాలు."

క్యాంటీన్ నుంచి స్టీలు గిన్నె తెచ్చి ఆమె పక్కన పెట్టింది నేనే. ఏమీ లేని గిన్నెలో వేళ్లు ముంచి, పెదవులు కదిపి, మెలిక పెట్టింది అమ్మ. కెమెరాలు చేతుల్నే చూశాయి. పెదవుల్ని ఎవరూ చూడలేదు.

పని ముగిశాక, యంత్రం ఎంతవరకు నేర్చుకుందో చూపిస్తామని ఆమెను మళ్లీ పిలిచారు. దాని ముందు పోగులున్నాయి, గిన్నె లేదు. అది చేయి పక్కకు చాచి, ఉత్త గాలిలో రెండు వేళ్లు ముంచి, తిరిగొచ్చి పోగు పట్టి మెలిపెట్టింది. పోగు తెగలేదు. అందరూ చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను. అమ్మ తన చేతుల్ని కొంగులో దాచుకుంది.

తిరుగు రైల్లో పెనుకొండ దాకా వచ్చాం. కొండ కనబడుతుండగా అడిగింది: "నా చేతులు దానికిచ్చినావు, సరే. పేర్లు యాడనుంచి తెచ్చుకుంటాది?"

నేను నవ్వేసి మాట మార్చాను.

ఆ ఏడే ఆమె జబ్బుపడింది. చివరి వారంలో ఒక మధ్యాహ్నం నన్ను దగ్గరికి పిలిచింది. "నా చేతుల్ని ఆడ ఇడ్సిపెట్టద్దు నాయనా. నోరు లేకుండా ప్రార్థన చేస్తాండాయి అవి. ఇడిపించుకోనిరా." ఇడిపిస్తానని ఆ చేతులే పట్టుకుని మాటిచ్చాను. ఆమె పోయాక పెనుకొండలో పుట్టింటివాళ్ల సమాధుల పక్కన పాతిపెట్టాం. చేతులు ఛాతీ మీద సర్దుతుంటే చూపుడువేలి కొన మీద బూడిద రంగు గీత కనబడింది. ఎన్ని నీళ్లతో కడిగినా అది పోలేదు.

సెలవు ముగించుకుని పనికి వెళ్లేసరికి అలాంటి యంత్రాలు ఆరు నిలబెట్టి ఉన్నాయి. ఆరూ చేయి చాచి వేళ్లు ముంచుతున్నాయి. ఒక అమ్మను మట్టికి అప్పగించి వస్తే ఆరుగురు అమ్మలు ఎదురయ్యారు.

మేడంను ఇవాళ అడుగుతాను, రేపు అడుగుతాను అని నెలలు జరిపాను. మందిరంలో కళ్లు మూసుకుంటే ఆ రెండు వేళ్లే. మా ఆవిడ చపాతీ కర్రకు రాయడానికి పిండిలో వేళ్లు పెడితే లేచి బయటికి పోయేవాణ్ణి. రోజూ రైలు పెనుకొండలో ఆగినప్పుడు సమాధుల వైపు చూడలేక తల వంచుకునేవాణ్ణి.

చివరికి అడిగాను. మేడం సాంతం విన్నారు.

"రికార్డింగులు తీసేస్తానన్నా, మీ ముందరే" అన్నారు. అన్నట్టే తీసేశారు. "కానీ యంత్రాలు నేర్చుకున్నది తీసేసేకి అయ్యేది కాదు. ఇంకా శానా మంది చేతులతో కలిసిపోయింది. మీకు కరెంటు పని నేర్పినాయన్ని మీలోనుంచి తీసేయమంటే ఎట్ల తీస్తారు?"

నేను లేవబోతుంటే ఆపారు.

"ఒకటి మాత్రం తీసేయొచ్చు. పక్కకు చెయ్యి పెట్టేది. అది తప్పు నేర్చుకునింది, పోగు పోగుకూ టైము దండగ. అది పోతే మీ అమ్మ ఆడ ఉండాదని ఇంక ఎవరికీ తెలీదు, మీక్కూడా. తీసేద్దునా అన్నా?"

అమ్మ విడిపించమన్నది చేతుల్ని. వీళ్లు తీసేయగలిగింది ప్రార్థనను. చేతులు అక్కడే ఉండిపోతాయి.

"వద్దు మేడం. ఉండనీండి."

"తీసేయమని వచ్చింది మీరే కదన్నా!"

"ఆమె పని ఉంచుకోని, ప్రార్థన ఒక్కటి తీసేస్తామంటే ఎట్ల మేడం?"

ఆమె ముందరున్న ల్యాప్‌టాప్ మూసేశారు. "పైనోళ్లు అడిగేదాకా నేను ముట్టనులే. అడిగితే నా చేతిలో లేదు."

అలా మాట తప్పాను. అమ్మ కోసమే ఉంచమన్నానా, ఆమెను రోజూ చూసుకోవాలనే ఆశతోనా? మోకాళ్ల మీద దేవుణ్ణి ఇదే అడుగుతున్నాను.

ఇప్పుడు టీ విరామంలో వెళ్లి చివరి యంత్రం పక్కన నిలబడుతున్నాను. అది వేళ్లు ముంచినప్పుడల్లా ఒక పేరు చెబుతాను. అమ్మ చెప్పిన పేర్లు, తర్వాత నావి. దాని వేగం నా నోటికి అందదు. ఒకటి చెప్పేలోపు రెండు పోగులు ఊరికే పోతాయి. మిగిలిన ఐదింటి ముందు ఎవరూ లేరు.

అందుకే చదువుతున్న మిమ్మల్ని వేడుకుంటున్నాను. ఈ కాగితం పక్కన పెట్టే ముందు ఒక పేరు తలచుకోండి. మీ ఇంట్లోవాళ్లదైనా, మీతో మాటలు మానేసినవాళ్లదైనా, పేరు తెలియని ఎర్ర తువ్వాల మనిషిదైనా సరే. హిందూపురంలో ఒక చేయి ఖాళీ గాలిలో వేళ్లు ముంచుతూ ఉంది. ఆ పేరును పైకి చెప్పండి. తల్లికిచ్చిన మాట నిలబెట్టుకోలేనివాణ్ణి, నన్ను కూడా కలుపుకుని, నాతోపాటు ప్రార్థించండి.