బాస్క్ సత్రంలో పొడుగు బల్ల

మా చెల్లెలు అమెరికాలో, నెవాడాలోని ఒక చిన్న ఊళ్లో, బంగారు గనిలో ఇంజనీరు. దానికి పాప పుడితే చూసుకోవడానికి వెళ్లాను. చుట్టూ బోడికొండలు, బూడిదరంగు పొదలు, మధ్యలో రైలుపట్టాలు. చెల్లెలు, మరిది డ్యూటీకి వెళ్లి, పాప నిద్రపోతే, ఇంట్లో ఫ్రిజ్ చప్పుడొక్కటే. కాలింగ్ కార్డుతో మా ఇంటికి ఫోన్ చేద్దామన్నా, అక్కడ ఎత్తేవాళ్లు లేరు.

శనివారాలు చెల్లెలు నన్ను పట్టాల పక్కనున్న బాస్క్ వాళ్ల సత్రానికి భోజనానికి తీసుకెళ్లేది. స్పెయిన్‌కీ ఫ్రాన్స్‌కీ మధ్య కొండల్లోంచి గొర్రెలు కాయడానికి వచ్చినవాళ్లు, చలికాలం మందలు కొండ దిగాక తలదాచుకున్న చోటది. అక్కడ మెనూ ఉండదు. నాకప్పటికి చదవడం రాదు కనుక హాయిగా అనిపించింది. అక్షరాలు ఆ తర్వాత, పాప పలక పట్టినప్పుడు నేర్చుకున్నాను.

అందరికీ ఒకటే పొడుగు బల్ల. మొదటిరోజు సూప్ గిన్నె, చిక్కుడుగింజల కూర, రొట్టె నా ముందునుంచే వెళ్లిపోయాయి. ఎవరైనా వచ్చి వడ్డిస్తారని, ఇంకాస్త వేయించుకోమంటారని చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఏడుస్తున్న పాపను బయట తిప్పి చెల్లెలు తిరిగొచ్చింది.

"ప్లేట్ ఖాళీగా ఉందేంటక్కా? ఫాస్టింగా?"

"వడ్డించకుండా ఎలా తింటానే?"

"ఇక్కడెవరూ వడ్డించరు, పాస్ చేస్తారు. నువ్వు తీసుకుని పక్కాయనకివ్వాలి. పెళ్లికొచ్చిన వియ్యపురాలిలా కూర్చుంటే ఎలా?"

పక్కాయన ఆ సత్రం మేడమీదే ఉండే ముసలి గొర్రెలకాపరి. గిన్నె వెనక్కి తెప్పించి, నేను తీసుకునేదాకా వదలకుండా పట్టుకున్నాడు. ఆ తర్వాత ప్రతి శనివారం ఆయన పక్క కుర్చీ నాదే.

ఆయన చెప్పేది చెల్లెలు తెలుగులో చెప్పేది. వాళ్ల ఊరు లోయలో ఉంటుందట. పైన పచ్చిక, కింద ఏరు, ఎప్పుడూ వాన. ప్రతి రాతి ఇంటికీ ఒక పేరు, మనుషులకూ అదే పేరు. ఇల్లు పిల్లల్లో ఒక్కరికే దక్కుతుంది. మిగతావాళ్లు ఊరు వదలాల్సిందే.

"నేను నాలుగోవాణ్ణి. గొర్రెలే దక్కాయి, అవీ వేరేవాళ్లవి," అని నవ్వాడట.

"నేను పెద్దదాన్ని. ఇల్లు నాకే దక్కిందని చెప్పు. అందరూ వెళ్లిపోయాక," అన్నాను.

చెల్లెలు నా ముఖంలోకి చూసింది. తర్వాత తల వంచుకుని చెప్పింది. ఆయన రొట్టె తుంచి ఒక ముక్క నా ప్లేట్‌లో పెట్టాడు.

మంచు పడ్డాక ఒక శనివారం ఆయన కుర్చీ ఖాళీగా ఉంది. మెట్లమీద పడిపోతే పెద్ద ఊరి ఆసుపత్రికి తీసుకెళ్లారని, ఇక మేడ ఎక్కలేడని సత్రం ఆవిడ చెప్పింది.

సూప్ గిన్నె వచ్చింది. నేను తీసుకుని, అలవాటుగా అటు తిరిగాను. ఖాళీ కుర్చీకి అవతల కూర్చున్న మనిషి ఎవరితోనో మాట్లాడుతున్నాడు. అతను ఇటు తిరిగి అందుకునేదాకా, గిన్నెను ఆ కుర్చీ మీదుగా వదలకుండా పట్టుకున్నాను.