బీరమ్మ ఎవ్వర్నీ కూసోనియ్యని సీటు

ముత్తంగి కాడ కమాలుద్దీన్ భాయ్ షెడ్డు పక్కకే నా చాయ్ బండి. నా పేరు మల్లవ్వ. నా నోరు మంచిది కాదంటరు, నిజమే. ఆ నోటితోనే భాయ్‌ని రోజూ తిడుత, పోసిన చాయ్ సల్లగైనంకగాని ముట్టడు. బండి కింద దూరిండంటె ఇగ లోకం పట్టదు ఆయనకు. చేసేది బ్రేకుల పనే, ఇంకోటి ముట్టడు. సుత్తె పట్టంగ నేనైతే సూడలే. చక్రం మీద అరచెయ్యి పెట్టి జెరసేపు గమ్మునుంటడు, పసిపోరికి జరమొస్తె తల్లి సూసినట్టు. బండి తెచ్చినోళ్లను ఏమైందని అడగడు. "ఆఖరుసారి ఎవరు ఆపిండ్రు? ఎట్ల ఆపిండ్రు?" గిదే అడుగుతడు. ఇదేం ఎవ్వారం భాయ్ అని నవ్వేదాన్ని. ఆ పాత పికప్పు వచ్చినప్పటిసంది నవ్వుడు బందు పెట్టిన.

క్రేను ఎనక లేపి పట్టుకుంటె, ముందటి చక్రాల మీద దొర్లుకుంట వచ్చిందది. కింద దింపంగనే ఎనక చక్రాలు రెండూ నేలకు అతుక్కున్నట్టే ఆగినయి. వాటికి నిమ్మకాయలు గట్టి ఉన్నయి, టైర్ల నిండ పసుపు కుంకుమ. ఎంబడి ఇద్దరు ఆడోళ్లు. ఒకామె రవళి, హత్నూర దిక్కు పిల్ల, మొగడు పాండు పోయి నెల దాటింది. ఇంకొకామె పాండు తల్లి బీరమ్మ.

"చాచా, ఇయ్యాల బండి కదలకుంటె రేపు మా మరిది దీన్ని తుక్కుకేస్తనంటుండు" అన్నది రవళి. "బండి ఉంటె నేనే కూరగాయలు ఏసుకొని తిరుగుత. నడుపుడు ఆయనే నేర్పిండు. ఇది పోతె నాకు ఇంకో ఆధారం లేదు."

"కదలది" అన్నది బీరమ్మ. "నా కొడుకు పట్టుకున్నడు." ఏడ్సుకుంట అన్నా బాగుండు. ఇంట్ల కరెంటు లేదని చెప్పినట్టు చెప్పింది.

డ్రైవరు సీటు మీద పాండు తువ్వాల పరిచి ఉంది. వాడు పోయినంక బండిని గిట్లనే క్రేనుతోని ఇంటికి తెచ్చిండ్రట, అప్పటికెల్లి ఆ ముసలామె సీట్ల ఎవ్వర్నీ కూసోనిస్తలేదు. వాని జాగల ఇంకొకని కాలు పడొద్దట. ఊర్ల మెకానిక్కు ఎక్కబోతె చెయ్యి మీద కొట్టిందట, వాడు మళ్ల రాలే. దుక్కం ఉంటది, కాదంటనా? గని గిదేం మొండితనం అని నాకు కోపమే వచ్చింది.

భాయ్ ఎప్పటి లెక్కనే అడిగిండు, ఆఖరుసారి ఎట్ల ఆపిండ్రని. రవళి తల దించుకొని చక్రానికున్న నిమ్మకాయల దారం సర్దింది. ఆయన సరేనని కిందికి దూరిండు. నా చాయ్ బండి కాడ పండే కుక్కలు ఏ బండొచ్చినా నీడకు దాని కిందికే ఉరుకుతయి. ఆ పగటీలి ఎండల పండుకొని రొప్పినయి గని ఈ పికప్పు కిందికి పోలే.

హ్యాండ్ బ్రేకు దించే ఉంది. దాని తీగ ఊడదీసిండు, కదలలే. గేరు పట్టిందేమోనని నడుమ ఉండే పొడుగు షాఫ్టు ఇప్పిండు, కదలలే. జాకీలు పెట్టి లేపినంక నేను, రవళి చెరో పక్క పట్టి తిప్పబోయినం. గోడను నూకినట్టే ఉంది.

"తుప్పే కావొచ్చు భాయ్" అన్న నేను.

"తుప్పైతె ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ పడతది. ఇవి రెండూ సమానంగ పట్టుకున్నయి." ఆయన బయటికొచ్చిండు. మొకం రంగు మారింది. "బ్రేకు తొక్కి ఉన్నది. ఇప్పుడు గూడ."

అద్దంల నుంచి తొంగి సూసిన. ఖాళీ సీటు, తువ్వాల. పెడలు పైకే ఉంది. "లోపల ఎవ్వరు లేరు కదా భాయ్" అన్న.

"మాలూమ్, ఎరుకే నాకు" అన్నడాయన. రవళి దిక్కు తిరిగి మెల్లగ మళ్ల అడిగిండు, "ఎట్ల ఆపిండు బిడ్డా?"

అప్పుడు చెప్పింది. పాండు కొల్లూరు డబుల్ బెడ్‌రూం కాలనీల కూరగాయలు అమ్మబోయిండట. వాలు మీద దిగుతుంటె ఛాతిల నొప్పొచ్చిందట, ముందట పిల్లగాండ్లు ఆడుతున్నరట. బండి వాళ్ల ముందటనే ఆగిందట. జనం వచ్చి తలుపు తీసేసరికి పాణం లేదు. కాలు బ్రేకు మీదనే ఉంది, ఇద్దరు పట్టి తీసిండ్రట.

భాయ్ చక్రం మీద మళ్ల అరచెయ్యి పెట్టిండు. "ఎనక చక్రాలు రెంటికీ కలిపి ఒక్కటే రబ్బరు పైపు" అన్నడు. "పాతదై లోపల ఉబ్బింది. తొక్కితె ఆయిలు అటు పోయింది, మళ్ల ఎనుకకు రాలే. ఆనాటిసంది పెడలు ఇంకెవ్వరు తొక్కలే. ఆయన తొక్కిన తొక్కుడు అట్లనే ఉంది లోపల."

బీరమ్మ వచ్చి చక్రం మీద చెయ్యి పెట్టింది. "గిది నా కొడుకు కాలేనా అయ్యా?"

"అవునమ్మా. చిన్న నట్టు ఉంది, ఇప్పితె ఇడుస్తది. ఇడిసిందంటె మళ్ల రాదు. నువ్వు చెప్తెనే ఇప్పుత."

నాకు ఏడుపొచ్చింది, దాసుకునేదేముంది. అంతసేపు ఆమెను లోపల తిట్టుకున్న నోరిది. రవళి "అత్తమ్మా" అన్నది. బండిని తుక్కు కాకుండ బతికించుకోవాల్నంటె మొగని ఆఖరి తొక్కుడు ఇడవాలె. ఆ పిల్ల మాత్రం ఏమంటది?

ముసలామె వంగి చక్రంతోని మాట్లాడింది. "పిల్లలు జరిగిండ్రు బిడ్డా. తొవ్వ ఖాళీ అయింది. ఇగ ఇడువు."

భాయ్ నట్టు ఇప్పిండు. ఆయిలు నల్లగ చిమ్మి ఆయన మోచేతి దాక పడ్డది. చక్రం మెల్లగ తిరిగింది. ఎవ్వరం ముట్టలే, గాలి గూడ లేదు. నేను ఎనుకకు జరిగి నా చాయ్ పొయ్యికి తాకిన.

కొత్త పైపు ఏసినంక లోపలి గాలి పోవాల్నంటె ఒకరు పెడలు తొక్కుతుండాలె. బండి ఎవరు నడుపుతరో వాళ్లే తొక్కాలె అంటడు భాయ్, ఎవరొచ్చినా అదే పద్ధతి. రవళి తలుపు కాడ నిలబడ్డది. పైకి ఎక్కుతలేదు, వాపసు వస్తలేదు.

బీరమ్మ తువ్వాల మడతబెట్టి సంకల పెట్టుకున్నది. "ఎక్కు బిడ్డా" అన్నది. "వాడు తీసిండు. నువ్వు పెట్టు కాలు."