ముత్తవ్వ బద్రియా గొంతు

నాబ్లస్ పాతబస్తీలో రస్మియా కుట్టని పెళ్ళి గౌను లేదు, తలదూర్చని గొడవ లేదు. ఆమె నోరు విప్పిందంటే సబ్బు కార్ఖానా అవతలివాళ్ళకి కూడా సంగతి తెలిసిపోయేది. అంతటి మనిషికి అన్న హాజీ షుక్రీ ముందు మాత్రం గొంతు పెగిలేది కాదు. తండ్రి పోయి ఇన్నేళ్ళయినా ఆయన వదిలిన ఆలివ్ తోటలో తన వాటా ఏదని అడగలేదు. అక్కడ ఆడపిల్ల వాటా అడిగితే పుట్టింటితో తెగతెంపులు చేసుకున్నట్టే చూస్తారు. ఏటా కోతలయ్యాక షుక్రీ ఒక డబ్బా నూనె పంపేవాడు. తెచ్చినవాడు వీధి మొదట్లోనే "హాజీగారు చెల్లెలికి పంపించారు" అని అరిచి మరీ ఇచ్చేవాడు. హాజీగారి ఆజ్ఞ అది.

ఇప్పుడు రస్మియాకి చూపు మందగించింది. కుట్టుపని ఇక ఎన్నాళ్ళో సాగదు. తన చెట్లు తన చేతికొస్తే ఒకరి డబ్బా కోసం ఎదురుచూడక్కర్లేదని ప్రాణం కొట్టుకునేది. కానీ ఆ మాట పెదవి దాకా వచ్చేసరికి షుక్రీ ముత్తవ్వని అడ్డం తెచ్చేవాడు.

"మన బద్రియా ముత్తవ్వ గొంతు పరాయి మగాడెవడూ విని ఎరగడమ్మా. గడప దాటలేదు. అన్న ఏం పెడితే అది కళ్ళకద్దుకుంది."

బతికున్న వదినలనైతే రస్మియా చిటికెలో నోరు మూయించగలదు. చనిపోయిన మహాఇల్లాలితో ఎలా పోట్లాడాలో ఆమెకి తెలియలేదు.

ఇలా ఉండగా లమీస్ అనే విశ్వవిద్యాలయం ఆవిడ షరియా కోర్టు పాత రికార్డులు తిరగేసి ఊరి ఆడవాళ్ళ చరిత్ర రాస్తోందని షుక్రీ చెవిన పడింది. ఇంకేం, వంశవృక్షం చంకన పెట్టుకుని పరిగెత్తాడు. మా ముత్తవ్వ లేకుండా అదేం పుస్తకమని వెంటపడ్డాడు. కోర్టుకెక్కినవాళ్ళే ఆ కాగితాల్లో దొరుకుతారని ఆవిడ చెప్పి చూసింది. అంత గొప్ప ఇల్లాలి పేరు కోర్టుకి తెలియకుండా ఎలా ఉంటుందని ఆయన వాదన.

వాటా వదులుకునే చెల్లెలికి అన్న ఇచ్చే కానుకని అక్కడ రద్వా అంటారు. షుక్రీ కొన్న రద్వా ఒక పులిబొమ్మ దుప్పటి. గురువారం సాయంత్రం కోడిమాంసంతో ముసఖ్ఖన్ వండించి, చుట్టాలందరినీ పిలిచి, ఆదివారం కోర్టులో చెల్లెలు తోటలో తన వాటా అన్నకి రాసిస్తుందని ప్రకటించి, ఆ పులిని ఆమె ఒళ్ళో పెట్టాడు. రస్మియా తల దించుకుని దాని మీసాలు నిమురుతూ కూర్చుంది.

శుభకార్యానికి లమీస్‌ కూడా వచ్చింది. ముత్తవ్వ గురించి నాలుగు మాటలు చెప్పమని షుక్రీ అడిగితే, తర్వాత విడిగా చెబుతానంది. పాపం మొహమాటపడుతోందనుకుని ఆయన ఆవిడ చేతికి కాఫీ ఇచ్చి అందరి మధ్యా కూర్చోబెట్టాడు. ఇక తప్పక లమీస్ చెప్పింది. బద్రియా కోర్టుకి వచ్చింది. తోటలో తన వాటా మింగాడని సొంత అన్న మీదే దావా వేసింది. ఆ రోజుల్లో ముసుగులో వచ్చిన ఆడమనిషి ఫలానా అని ఇద్దరు మగాళ్ళు సాక్ష్యం చెప్పాలి. మొదటిసారి పొరుగువాళ్ళు వచ్చి చెప్పారు. రెండోసారి దుకాణాలు కట్టేసుకుని సణుక్కుంటూ వచ్చారు.

"మూడోసారి ఎవరూ రాలేదు," అంటూ లమీస్ కాగితం తీసి చదివింది. "గుమాస్తా ఇలా రాశాడు. ఈమె గొంతు ఈ కోర్టుకి బాగా తెలుసు. గుర్తుపట్టడానికి సాక్షులు అక్కర్లేదు. ఈమె వాటా ఈమెకి ఇప్పించడమైనది."

ఎవరో పెద్దావిడ నవ్వు ఆపుకోలేక కాఫీ ఒంటి మీద ఒలకబోసుకుంది.

"ఆ బద్రియా ఇంకెవరో అయ్యుంటుంది," అన్నాడు షుక్రీ.

"తోట హద్దులు కూడా రాసున్నాయి హాజీగారూ. మీ బావితో సహా."

రస్మియా లేచింది. దుప్పటి మడిచి చంకలో పెట్టుకుని ఇంటికి వెళ్ళిపోయింది. దుప్పటి తీసుకుంది కాబట్టి గండం గడిచిందని షుక్రీ ఊపిరి పీల్చుకున్నాడు.

ఆదివారం కోర్టులో, ఇష్టపూర్వకంగానే వదులుకుంటున్నావా అని ఖాజీ ఆమెని అడిగాడు. లేదండీ అంది రస్మియా. అది ఆమెకే సరిగ్గా వినపడలేదు. ఖాజీ మళ్ళీ అడిగాడు.

"లేదు. నా చెట్లు నాకు కావాలి."

ఈసారి వరండాలో టీ అమ్మేవాడు కూడా లోపలికి తొంగిచూశాడు. రస్మియా సంచిలోంచి పులిని తీసి అన్న ఒళ్ళో పెట్టింది. సిగ్గుతో షుక్రీ చెవులు ఎర్రబడ్డాయి.

"మెల్లగా మాట్లాడవే," అన్నాడు పళ్ళ బిగువున. "బయట మగాళ్ళంతా వింటున్నారు."

"విననీ అన్నయ్యా. మళ్ళీ రావాల్సి వస్తే నాకు సాక్షులు అక్కర్లేదు."